ఖరీఫ్ లెక్క నెలల వారీగా వేయాలి

సంపాదకుల వారికి, నమస్కారం.

మీ పత్రిక వ్యవసాయం పేజీలో పంటల గురించి రాసినప్పుడల్లా చివర ఒక లెక్క వేస్తున్నారు. ఎకరాకు పెట్టుబడి ఇంత, దిగుబడి ఇంత, ఖర్చులు పోను మిగులు ఇంత. ఆ కూడికలు, తీసివేతలు సరిగానే ఉంటాయి. కానీ ఏ ఖర్చు ఏ నెలలో పెట్టాలో, రాబడి ఏ నెలలో చేతికొస్తుందో అందులో ఎక్కడా కనబడదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వరి రైతు మునిగేది ఎక్కువగా అక్కడే. కాగితం మీద మిగులు చూపే పంట కూడా జూలైలో డబ్బు అందక మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటే డిసెంబరుకు ఖాళీ అయిపోతుంది. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడవైనా మొత్తం వేయమని కోరుతున్నాం.

నాలుగు ఎకరాల వరి వేసే ఒక కుటుంబాన్ని తీసుకుందాం. రెండెకరాలు సొంతం, రెండెకరాలు కౌలు. కౌలు ఎకరాకు ఎనిమిది బస్తాలు, బస్తా అంటే మన వాడుకలోని 80 కిలోలు. ట్రాక్టరు గంట, నాట్ల గుత్త (మొత్తం పనికి మాట్లాడుకునే ఒకే రేటు), కోత మిషను రేటు గారలో ఒకలా, రాజాంలో ఒకలా, బొబ్బిలిలో ఇంకోలా ఉంటాయి కాబట్టి ఇక్కడి అంకెలు ఉదాహరణకే. ఎవరి ఊరి రేటు వారు వేసుకోవాలి.

ఎకరాకు విత్తనం 25 కిలోలు, వెయ్యి రూపాయలు. ఆకుమడి (నారుమడి) దుక్కి నుంచి దమ్ము (నాట్లకు ముందు నీళ్లలో దున్నడం) దాకా ట్రాక్టరుకు 5,000. ఆకు తీత, నాట్లు కలిపి గుత్తకు 5,000. ఎరువులు అంటే డీఏపీ ఒక బస్తా 1,350, యూరియా రెండు బస్తాలు 533, పొటాష్ అర బస్తా, తెచ్చుకునే కిరాయి, అన్నీ కలిపి సుమారు 2,900. కలుపు మందు, ఒకసారి చేతి కలుపు 2,100. పురుగు, తెగులు మందులు రెండు దఫాలకు 2,500. కోత మిషను 3,500. ఎండబెట్టడం, సంచులు, హమాలీ, బండి కిరాయి 2,000. మొత్తం 24,000. ఇది చేతి నుంచి పోయే డబ్బు మాత్రమే. ఇంటిల్లిపాదీ పడిన కష్టానికి ఇందులో కూలి కట్టలేదు.

2025-26కు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలు 2,369 రూపాయలు. అంటే 80 కిలోల బస్తా 1,895. ఎకరాకు 25 బస్తాలు ఎండిన ధాన్యం వస్తే సొంత భూమిలో 23,380 మిగులుతుంది, కౌలు భూమిలో 8,200. ప్రతి రైతూ తన లెక్కల పుస్తకం మొదటి పేజీలో రాసుకోవాల్సిన అంకె ఇంకొకటి ఉంది. 24,000 ఖర్చును 1,895తో భాగిస్తే పన్నెండు బస్తాల ముప్పావు. సొంత మడిలో అంత పండితే పెట్టుబడి వెనక్కొచ్చినట్టు. కౌలు ఎనిమిది బస్తాలు దాని మీద కలుపుకుంటే దాదాపు 21. కౌలు మడిలో 21 బస్తాల లోపు పండితే రైతు తన చేతి డబ్బు వేసి భూమి యజమానికి కౌలు కొలిచినట్టే. అదే ధాన్యాన్ని కళ్లంలోనే వ్యాపారికి బస్తా 1,600కు ఇచ్చేస్తే పెట్టుబడి తీరడానికే 15 బస్తాలు కావాలి, కౌలుతో కలిపి 23. అప్పుడు 25 బస్తాల పంటలో రైతుకు దక్కేది రెండు బస్తాలు. కౌలు మాట్లాడుకునే రోజున, ఉగాదికో వేసవిలోనో, ఈ చిన్న భాగహారం చేసుకున్నవారు ఎనిమిది బస్తాలకు ఒప్పుకోవాలో ఏడు అడగాలో తేల్చుకోగలరు. నాట్లు పడిన తర్వాత చేస్తే ఆ లెక్క దేనికీ పనికిరాదు.

ఇక నెలల సంగతి. నాలుగు ఎకరాల ఖర్చు 96,000ను పంచి చూడండి. జూన్‌లో విత్తనం, ఆకుమడి 8,000. జూలైలో దమ్ము, నాట్లు, దుక్కిలో వేసే ఎరువు 43,600. ఆగస్టులో కలుపు, మొదటి యూరియా 10,800. సెప్టెంబరులో 6,600. అక్టోబరులో 5,000. నవంబరు, డిసెంబరుల్లో కోతలు, సంచులు, రవాణా 22,000. సేద్యానికి ఇంతే. కానీ ఈ ఏడు నెలలూ ఇల్లు కూడా గడవాలి. నెలకు 9,000 చొప్పున 63,000, జూన్‌లో పిల్లల ఫీజులు, పుస్తకాలకు 12,000. అన్నీ కలిపితే ధాన్యం డబ్బు ఒక్క రూపాయి కూడా రాకముందే 1,71,000 ఖర్చయిపోతుంది. అందులో 81,600 జూలై నెలాఖరుకే కావాలి.

రాబడి చూద్దాం. వంద బస్తాల్లో కౌలుకు పదహారు పోతాయి. తిండికి పది ఉంచుకుంటే అమ్మకానికి 74 మిగులుతాయి. మద్దతు ధరకే అమ్ముడైనా వచ్చేది 1,40,200. మీ పేజీలో వేసే లెక్క ప్రకారం ఈ కుటుంబానికి 63,000 మిగులు. ఇంట్లో చూస్తే దాదాపు 30,800 లోటు. రెండూ నిజమే. మొదటి లెక్కలో తిండికి ఉంచుకున్న గింజల విలువ తీసేయలేదు, మిగతా ఇంటి ఖర్చూ తీసేయలేదు, అంతే తేడా. ఈ లోటును పాడి పూడ్చాలి, కూలి పూడ్చాలి, లేదంటే హైదరాబాదుకో చెన్నైకో వెళ్లిన కొడుకు పంపాలి. మన జిల్లాల్లో చాలా ఇళ్లలో వ్యవసాయాన్ని నిలబెడుతున్నది వలస డబ్బే. అందుకని ఇంటి ఖర్చు వరుస లేని వ్యవసాయ బడ్జెట్‌ను మేం బడ్జెట్ అనలేం.

అప్పు ఏ నెలలో చేతికొచ్చిందన్నది ఎంత అప్పు అన్నదానికంటే ఎక్కువ తేడా చేస్తుంది. జూలైలో బ్యాంకు డబ్బు అందక 50,000 బయట నెలకు నూటికి మూడు రూపాయలకు తెచ్చి డిసెంబరు దాకా ఉంచితే వడ్డీ 9,000. అదే 50,000 కిసాన్ క్రెడిట్ కార్డు మీద 7 శాతానికి ఆరు నెలలకు 1,750. మూడు లక్షల లోపు పంట రుణం గడువులోగా కట్టేవారికి మూడు శాతం రాయితీ ఉంది కాబట్టి అసలు పడేది 4 శాతం, అంటే 1,000. తేడా ఎనిమిది వేలు. పైన ఎకరా కౌలు భూమిలో మిగిలిన మొత్తం కూడా దాదాపు అంతే. ఒక ఎకరా సేద్యం మొత్తం వడ్డీ కోసమే చేసినట్టు.

గడువు దగ్గర ఇంకో చిక్కు ఉంది. మన దగ్గర చాలామంది అప్పు ఆగస్టు, సెప్టెంబరుల్లో చేతికొస్తుంది, ఏడాది తిరిగి గడువూ ఆ నెలల్లోనే పడుతుంది. రైతు ఇంట్లో రూపాయి లేని కాలం అదే. అప్పుడు రెండు రోజుల కోసం బయట తెచ్చి, బ్యాంకులో కట్టి, అప్పు తిరగరాయించి, వచ్చిన డబ్బు బయటివారికిచ్చేస్తారు. వందకు ఇంతని ఆ రెండు రోజులకు తీసుకునేది ఏ పుస్తకంలోనూ రాయరు. కిసాన్ క్రెడిట్ కార్డు అసలు రూపం ఇది కాదు. అది ఓవర్‌డ్రాఫ్టు లాంటిది. పరిమితి లోపల ఎన్నిసార్లయినా తీసుకోవచ్చు, ఎన్నిసార్లయినా కట్టవచ్చు. ధాన్యం డబ్బు పడిన జనవరిలోనే ఆ ఖాతాలో జమ చేసి, జూన్‌లో కావలసినంత, జూలైలో కావలసినంత విడివిడిగా తీసుకుంటే మధ్య నెలలకు వడ్డీ ఉండదు, తిరగరాయడం కూడా డబ్బున్న నెలలోనే అయిపోతుంది. పరిమితి ఎలా కడతారో కూడా అడిగి తెలుసుకోవాలి. పంటకు నిర్ణయించిన రుణ పరిమాణాన్ని విస్తీర్ణంతో హెచ్చవేసి, దాని మీద కోత తర్వాతి ఖర్చులకూ ఇంటి ఖర్చులకూ 10 శాతం, వ్యవసాయ పరికరాల నిర్వహణకు 20 శాతం, బీమా ప్రీమియం కలుపుతారు. ఈ 10, 20 శాతాలు తన పరిమితిలో కలిశాయో లేదో అడిగే రైతులు తక్కువ. 2025 జనవరి 1 నుంచి రెండు లక్షల దాకా తనఖా లేకుండా ఇవ్వాలన్న నిబంధన కూడా ఉంది.

కౌలు రైతుకు ఇవి దక్కడం చాలా కష్టం, పంట సాగుదారు హక్కు కార్డు లేకపోతే. ఆ కార్డు గడువు పదకొండు నెలలే, ఏటా మళ్లీ తీసుకోవాలి. ఈ-క్రాప్ (ప్రభుత్వ పంట నమోదు) ఎవరి పేరున ఉంటే ధాన్యం డబ్బు, పరిహారం వారి ఖాతాలోకే వెళతాయి. కాబట్టి కౌలు బస్తాలు ఎన్ని అని మాట్లాడుకునే కూర్చోవడంలోనే కార్డు మీద సంతకం సంగతి కూడా తేల్చుకోవాలి. సంతకం పెట్టనంటే కౌలు ఒక బస్తా తగ్గించమని అడగడం న్యాయమే. బయటి వడ్డీ రూపంలో ఆ ఒక్క బస్తా విలువ కన్నా ఎక్కువే పోతుంది.

ఎరువుల కొట్లో అరువు కూడా వడ్డీ అప్పే. పుస్తకంలో అరువును ఎరువు ధరగా రాసుకోవడం వల్ల అది కనబడదు. యూరియా 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. అంతకు పైన తీసుకున్నది అరువు వడ్డీ కింద, బలవంతంగా అంటగట్టిన జింకు, గుళికల డబ్బు వేరే వరుసలో రాయాలి. సంవత్సరాంతానికి ఆ వరుసలు కూడితే, నాట్ల ముందే కొంత రొక్కం చేతిలో ఉంచుకోవడం ఎంత లాభమో తెలుస్తుంది. అరువిచ్చిన చోటే ధాన్యం తూచాలన్న మాట కూడా ఉంటే బస్తాకు తగ్గిన ధర సైతం ఆ వరుసలోనే పడాలి.

తూకం దగ్గర పోయే డబ్బును బడ్జెట్లో దాదాపు ఎవరూ వేయరు. డిసెంబరు మంచులో మిషను కోసిన ధాన్యం తేమ 22 శాతం ఉండటం మామూలే. కొనుగోలుకు 17 శాతం దాటకూడదు. 22 నుంచి 17కు ఎండితే వంద కిలోలు 94 కిలోలవుతాయి. మిషను దగ్గర లెక్కపెట్టిన 25 బస్తాలు ఎండాక 23న్నర. మోసమేమీ లేదు, నీరు పోయింది. కానీ కౌలు మడిలో పెట్టుబడికీ కౌలుకూ పోగా మిగిలే నాలుగు బస్తాల పైచిలుకులో ఒకటిన్నర ఇలా ఆవిరైపోతుంది. అందుకని దిగుబడి అంకె ఎప్పుడూ ఎండిన బరువులోనే వేయాలి. కౌలు కూడా ఎండిన ధాన్యమా, పచ్చి ధాన్యమా అన్నది ముందే మాట్లాడుకోవాలి. ఇక తరుగు పేరుతో బస్తాకు రెండు కిలోలు అదనంగా లాగితే 74 బస్తాల మీద 148 కిలోలు, 3,500 రూపాయలు. తేమ సరిపోయిన ధాన్యం మీద ఈ తరుగు తీసే హక్కు ఎవరికీ లేదు. ఎకరాకు రెండు బరకాలు ముందే కొనుక్కుని, రెండు మూడు ఎండలు పెట్టి, కొనుగోలు కేంద్రంలో తేమ చూపించుకుని, ఆ అంకె రాయించుకున్న తర్వాతే బండికెత్తడం మంచిది. మిల్లు గుమ్మం దాకా వెళ్లిన బండిని వెనక్కు తెచ్చుకునే రైతు ఉండడు. తరుగు అడిగేది అందుకే, అక్కడే.

తుపాను ఏడాది లెక్క కూడా మే నెలలోనే వేసుకోవాలి. మనది అక్టోబరు, నవంబరు అంటే భయపడే తీరం. పొట్ట మీదో (వెన్ను పైకి రాకముందు), కోతకొచ్చాకో పైరు పడిపోతే మిషనుకు పట్టే గంటలు రెట్టింపవుతాయి, కోత 3,500 బదులు 7,000. ఖర్చు 27,500కు చేరుతుంది. దిగుబడి 16 బస్తాలకు పడి, రంగు మారిన ధాన్యం బస్తా 1,400కు పోయిందనుకుంటే సొంత ఎకరాలో 5,100 నష్టం. కౌలు ఎకరాలో ఎనిమిది బస్తాలు కొలిచాక 16,300 నష్టం. నాలుగు ఎకరాల మీద 42,800. ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తామన్నది జూన్‌కు ముందే ఇంట్లో అనుకోవాలి. జవాబు దొరకకపోతే కౌలు ఒక ఎకరా తగ్గించుకోవడమో, ఇన్ని బస్తాలన్న కచ్చితమైన కౌలు వదిలి పండినదాంట్లో పాలు (వాటా) మాట్లాడుకోవడమో మేలు. పాలు పద్ధతిలో మంచి ఏడాది రైతుకు కొంత తగ్గుతుంది, నిజమే. కానీ చెడ్డ ఏడాది నష్టం ఇద్దరూ పంచుకుంటారు. చేతిలో నిల్వ లేని కుటుంబానికి అదే ముఖ్యం.

బీమా డబ్బును మాత్రం రాబడి వరుసలో ముందుగా వేయకూడదు. ఫసల్ బీమాలో ఖరీఫ్ వరికి రైతు వాటా బీమా మొత్తంలో 2 శాతం, రబీకి ఒకటిన్నర శాతం. అది కట్టడం అవసరమే. అయితే పరిహారం ఎక్కువగా వచ్చేది ఒక్కరి మడి పోయినందుకు కాదు, కోత ప్రయోగాల్లో (నమూనా మడులు కోసి తూచినప్పుడు) ఆ బీమా యూనిట్ మొత్తం సగటు దిగుబడి పడిపోయినందుకు. అది తేలి ఖాతాలో పడేసరికి తర్వాతి పంట నడుస్తుంటుంది. ప్రభుత్వ పెట్టుబడి సాయం కూడా అంతే. కేంద్రం ఇచ్చే 6,000 మూడు విడతలుగా వస్తుంది. విడత పడిన నెలలో రాసుకోవాలి గానీ నాట్ల కూలికి దాన్ని నమ్ముకోకూడదు.

శ్రీకాకుళం తీరంలోని ఉద్దానంలో జీడి, కొబ్బరి రైతుల లెక్క పూర్తిగా వేరు. జీడి పిక్కల డబ్బు మార్చి నుంచి మే లోపల ఒక్కసారే వస్తుంది, ఏడాదంతా దాంతోనే గడవాలి. పూత మీద టీ దోమకు మందు కొట్టాల్సిన డిసెంబరు, జనవరి నెలల్లో చేతిలో ఏమీ ఉండదు. ఆ పిచికారీ డబ్బు మే నెలలోనే వేరుగా తీసిపెట్టాలి. అది తప్పితే పూత మాడి, మరుసటి ఏడాది రాబడే పోతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస, వజ్రపుకొత్తూరు వైపు తీరం దాటి తోటలను నేలమట్టం చేసింది. జీడి మళ్లీ కాపుకు రావడానికి నాలుగైదేళ్లు, కొబ్బరికి అంతకన్నా ఎక్కువే పడుతుంది. తోట ఉన్నవారు ఏటా రాబడిలో ఎంతో కొంత మళ్లీ నాటే నిధిగా బ్యాంకులో వేరే ఖాతాలో వేయకపోతే, చెట్టు అరుగుదలను కూడా లాభమనుకుని తినేసినట్టే. మోటారుకూ ఇదే సూత్రం. 40,000 పెట్టిన మోటారు ఎనిమిదేళ్లు నడుస్తుందనుకుంటే ఏటా 5,000 ఖర్చు కింద రాయాలి. కాలిపోయిన రోజున కొత్తగా అప్పు పుట్టించాల్సిన పని ఉండదు.

వరి తర్వాత మినుము గురించి ఒక మాట. నిలిచిన వరిలోనే కోతకు రెండు మూడు రోజుల ముందు ఎకరాకు 16 కిలోలు చల్లితే ఫిబ్రవరి, మార్చిలో చేతికి డబ్బొస్తుంది. రెండెకరాలకు ఎకరాకు మూడు క్వింటాళ్ల చొప్పున, 2025-26 మద్దతు ధర 7,800 దక్కితే, ఖర్చు 12,000 పోను 34,800 మిగులుతుంది. పైన చూపిన 30,800 లోటు దాంతో తీరుతుంది. కానీ తడి నేలలో టైర్ల మిషను తిరిగితే మొలక అణిగిపోతుంది. మినుము చల్లిన మడికి చైను మిషనే మాట్లాడుకోవాలి, ఆ అదనపు కిరాయి బడ్జెట్లో వేయాలి. రబీ మొక్కజొన్నకు రాబడి ఎక్కువే గానీ విత్తనానికీ ఎరువుకూ పెద్ద మొత్తాలు డిసెంబరు, జనవరిల్లోనే కావాలి. ధాన్యం డబ్బు ఇంకా పడని నెలలవి. బోరో, నమ్మకమైన కాలువ నీరో లేనివారు, రొక్కం చేతిలో లేనివారు దాని జోలికి వెళ్లకపోవడం మంచిదని మా అభిప్రాయం.

పుస్తకం పెద్ద విద్యేమీ కాదు. ఒక పొడుగు నోటుబుక్కు, ప్రతి మడికి రెండు పేజీలు, ఇంటికి వేరే పేజీలు. తేదీ, పని, ఎంత పరిమాణం, రేటు, రొక్కమా అరువా. పక్కన మే నెలలో వేసుకున్న అంచనా. నెలాఖరున రెండూ పోల్చి, పదో వంతు మించి తేడా ఉన్న చోట కారణం ఒక్క వాక్యంలో రాయాలి. "కాలువ నీరు ఆలస్యం, అందరి నాట్లు ఒకే వారంలో పడ్డాయి, గుత్త 800 పెరిగింది" అని రాసి ఉంటే, వచ్చే ఏడాది గొట్టా బ్యారేజీ నీరు వదిలే తేదీ చూసి ముందే మనుషులను మాట్లాడుకోవచ్చు. కారణం రాయని పుస్తకంలో అంకెలే మిగులుతాయి. సొంత కూలిని రూపాయల్లో కాకపోయినా రోజుల్లో రాయాలి. ఎకరాకు ఇంట్లోవారివి ఎన్ని రోజులు పోతున్నాయో, అందులో ఆడవారివి ఎన్నో అప్పుడు గానీ తెలియదు.

మీ పత్రికకు మా విన్నపం ఇది. ఏటా మే నెల ఆఖరి వారంలో మండలాల వారీగా ట్రాక్టరు గంట, నాట్ల గుత్త, కోత మిషను గంట, కూలి రేట్లు సేకరించి ఒక పట్టికగా వేయండి. పంట కథనాల చివర పెట్టే లెక్కలో జూన్ నుంచి డిసెంబరు దాకా నెలకు ఎంత చేతిలో ఉండాలో ఒక వరుస కలపండి. రైతు సేవా కేంద్రాల్లో ఈ-క్రాప్ నమోదుకు వచ్చినప్పుడే ఆ వరుస నింపించి ఒక ప్రతి రైతుకిచ్చే ఏర్పాటు చేయాలని వ్యవసాయ శాఖను, పంట రుణాల తిరగరాత జనవరి నుంచి మే లోపల పూర్తి చేయాలని బ్యాంకులను కూడా ఈ ఉత్తరం ద్వారా కోరుతున్నాం. ఈ ఏడాది అది కుదరకపోతే పైన వేసిన నాలుగు ఎకరాల లెక్కనే మీ పేజీలో పట్టికగా అచ్చువేయండి, రేట్లు మార్చుకోవడానికి పక్కన ఒక ఖాళీ గడి వదిలి.

ఇట్లు
రైతు సంఘాల జమాఖర్చులు చూసేవారు,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా